గుప్పెడు బియ్యం గిన్నె

ఆ ఆదివారం పొద్దున సుందర్ రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. బియ్యం గిన్నె తీసుకుని చర్చికి పోవాలి, బల్ల ముందు పెట్టాలి, ప్రార్థన చేసుకోవాలి, మధ్యాహ్నానికి సుబేదారిలోని ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చాలి.

ఆ రోజుల్లో క్రైస్తవుల ఇళ్లలో ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం దేవుని పేర పక్కకు తీసేవారు. కోతపండుగ నాడు ఆ బియ్యమూ, కోళ్లూ, గుమ్మడికాయలూ చర్చిలో బల్ల ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక అక్కడున్నవన్నీ వేలం వేసేవారు. సుందర్ రావు భార్య విమల ఆ గుప్పెడు ఒక ఇత్తడి గిన్నెలో వేసేది. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజు కూడా ఆ చెయ్యి ఆగేది కాదు. కచేరీలో గుమాస్తా గనుక సుందర్ రావు ఏదో లెక్క చెప్పబోతే, "మీరు ఫికర్ జెయ్యకుండ్రి, ప్రభువు సూసుకుంటడు" అనేది. సాయంత్రానికి ఎవరో ఒకరు సోలెడు బియ్యంతో తలుపు తట్టేవారు. ఆ లెక్క ఆయనకు ఎన్నడూ అర్థం కాలేదు.

విమల పోయాక వచ్చిన రెండో కోతపండుగ ఇది. మొదటిసారి ఆయన ఇల్లు కదలలేదు. తర్వాత, చెప్పేవారు లేకున్నా, ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు తీయడం మొదలుపెట్టాడు. మగచెయ్యి పెద్దది కావడంతో గిన్నె ముందే నిండింది. పండుగ కోసం దాన్ని చింతపండుతో తోమాడు. అడుగున మేకుతో గీసిన చిన్న సిలువ ఉంది. విమల భక్తికి గుర్తని, అక్కడ కాస్త మెల్లగా తోమాడు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. విమల ప్రతి ఏడూ బియ్యం చర్చి గంపలో ఒంపి, ఖాళీ గిన్నెను కొంగు చాటున ఇంటికి తెచ్చేది. ఆడవాళ్ల వరసలో జరిగే సంగతి మగవాళ్ల వరసకు ఎట్లా తెలుస్తుంది? సుందర్ రావు గిన్నెను గిన్నెగానే బల్ల ముందు పెట్టి వచ్చి కూర్చున్నాడు.

పాస్టరు ఏలియా అయ్యగారి చూపు తళతళలాడే గిన్నె మీద పడింది.

"సూడుండ్రి. సుందర్ రావు బియ్యమే ఇయ్యలే, ఇల్లాలు వాడిన గిన్నెను సుత దేవునికి ఇచ్చిండు. మరి మనమేం తెచ్చినం? గుడ్లు పెట్టుడు మానేసిన కోళ్లు."

సుందర్ రావు ఇద్దామనుకున్నది బియ్యమే, గిన్నె కాదు. ఇంట్లో ఆమె చెయ్యి రోజూ తగిలిన వస్తువు అదొక్కటే మిగిలింది. "అయ్యగారూ, అది..." అంటూ సగం లేచాడు.

"కూసో తమ్మీ. ఇచ్చినోళ్లు మాట్లాడరు."

ఆ మాటతో చర్చి కరిగిపోయింది. కాంపౌండరు పౌలు, పెళ్లిలో మామగారు పెట్టిన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. అవతలి వరసలోంచి అతని భార్య చూసిన చూపుకు గడియారం ఆగిపోవలసిందే. లిదియా టీచరు కొత్త గొడుగు ఇచ్చింది. ఇంకొకాయన బయటికి పోయి సైకిల్ నడిపించుకొచ్చి గుమ్మడికాయలకు ఆనించాడు. తిరిగి వచ్చి కూర్చున్నాక, ఇంటికి నడిచి పోవాలన్న సంగతి ఆయన ముఖంలో నెమ్మదిగా తేలింది.

ఆరాధన కాగానే సుందర్ రావు వర్ధన్నపేట కట్టయ్యను గోడ పక్కకు లాగాడు. కట్టయ్య రైతు, హిందువు, సుందర్ రావుకు పాత స్నేహితుడు. దేవుని కోడి మంచిగా పొదుగుతుందని ఏటా ఈ వేలానికి వస్తాడు.

"కట్టయ్యా, జర సాయం జెయ్యి. ఇచ్చిందాన్ని నేనే వేలంల పాడుకుంటే నవ్వుతరు. నేను అద్దాలు పైకి నూకినప్పుడు నువ్వు పాట పాడు. పైసలు నేనిస్త."

"గంతేనా సారూ? ఇరవై ఏండ్ల సంది నా పెండ్లాం కన్నుజూసి బతుకుతాన. మీ అద్దాలు సూసుడెంత?"

ఏ వస్తువో చెప్పేలోగా లిదియా టీచరు అటే వచ్చింది. సుందర్ రావు నోరు మూసుకున్నాడు.

వేలం మొదలైంది. చర్చి కిక్కిరిసి ఉంది. సుందర్ రావుకు కంగారుతో చెమటలు పట్టాయి. ముక్కు మీది కళ్లద్దాలు జారాయి. పైకి నెట్టాడు. కట్టయ్య సైకిల్ పాడేశాడు.

సుందర్ రావు వద్దన్నట్టు తల ఊపాడు. తల ఊపితే అద్దాలు జారాయి. జారిన అద్దాలు పైకి నెట్టాడు. కట్టయ్య గడియారం పాడాడు. తర్వాత గొడుగు. తర్వాత గుమ్మడికాయలన్నీ.

"ఈ కట్టయ్య మారుమనసు పొంది మనల కలిసిండా ఏంది?" అని వెనక ఎవరో గుసగుసలాడారు.

"మారుమనసు కాదు, బిడ్డ పెండ్లి పెట్టుకున్నట్టున్నడు" అని ఇంకొకరు సవరించారు.

అయ్యగారు గిన్నెను అన్నిటికన్నా విలువైనదని చివరికి ఉంచారు. దాన్ని పైకెత్తగానే సుందర్ రావు అద్దాలు పైకి నెట్టాడు. కట్టయ్య కదలలేదు. రెండు చేతులతో నెట్టాడు. కట్టయ్య లేచి ఖాళీ సంచి తిరగేసి చూపించాడు.

"ఇత్తనాలకు తెచ్చిన పైసలు సుత అయిపోయినయి సారూ. మీరేమో అద్దాలు ఆపకపోతిరి."

చర్చి అంతా సుందర్ రావు వైపు తిరిగింది. ఆయన తల వంచుకున్నాడు. "ఎవరన్నా పాడుతరా? ఒకటోసారి" అన్నారు అయ్యగారు. విమల గిన్నె పాడడానికి ఎవరికీ నోరు రాలేదు. "రెండోసారి."

అప్పుడే వెనక తలుపులోంచి మరియమ్మ వచ్చింది. చర్చి సామాన్లన్నీ ఆమె చేతి కిందే ఉంటాయి. అప్పటిదాకా పెరట్లో పండుగ వంట చూస్తోంది.

"ఆగుండ్రి అయ్యగారూ. గుడి గిన్నెను గుళ్లె వేలం ఏస్తరా?"

గిన్నె అందుకుని, బియ్యం గంపలోకి ఒంపి, అడుగు పైకి తిప్పింది. చింతపండుతో మెరిసిన ఇత్తడి మీద మేకుతో గీసిన సిలువ కనిపించింది. వంటకు వాడే గరిటె తెచ్చి పక్కన పెట్టింది. దాని మీదా అదే సిలువ.

"మన సామాన్లన్నిటికీ నేనే గీసిన. పదేండ్ల కింద విమల ఇంటికి కూర తీస్కపోతానని దీన్ని పట్కపోయింది. అడిగితే 'రేపు తెస్త అక్కా' అనేది. దవాఖానకు సూడబోతే సుత గదే మాట. 'ఫికర్ జెయ్యకు అక్కా, రేపు తెస్త' అన్నది."

ముందు నవ్వింది సుందర్ రావే. నవ్వుతూ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి కట్టయ్య ఏమీ పాడలేదు.

అయ్యగారు గొంతు సవరించుకుని, దేవుడు మన చెల్లెలు విమల మాట నిలబెట్టాడని ముగింపు ప్రార్థన చేశారు. బయట మెట్ల మీద సైకిలాయన, పౌలు భార్య, లిదియా టీచరు కట్టయ్య చుట్టూ చేరారు. 'పాపం, ఇవన్నీ బస్సులో ఎట్ల మోస్తవు' అంటూ ఎవరి వస్తువు వారు డబ్బిచ్చి విడిపించుకున్నారు. కట్టయ్యకు గుమ్మడికాయలు మిగిలాయి. కోడి మాత్రం దొరకలేదు.

అందరూ పోయాక మరియమ్మ గిన్నెను సుందర్ రావు చేతిలో పెట్టింది.

"వచ్చే పండుగకు బియ్యం దేనిల తెస్తవు తమ్మీ? తీస్కపో. నువ్వన్నా యాదికుంచుకుని వాపస్ తేవాలె."

"రేపు తెస్త అక్కా" అన్నాడు సుందర్ రావు.

ఆ రేపు ఇంకా రాలేదు.