పెత్తరమాస నాడు పోయిన క్రాంకు

కుర్మయ్య బుల్లెట్టు క్రాంకు పెత్తరమాస నాడు పోయింది. కుర్మయ్య అంతకుముందే, ఎండాకాలంలో పోయాడు.

ఆ పొద్దున ఆయన కొడుకు జగదీశ్ వేసుకున్న పథకం చిన్నదే. శంషాబాద్ పక్కన వాళ్ల ఊరి వెంచరులో రోడ్లు పడ్డాయి, ఇళ్లు ఇంకా లేవలేదు. ఏటా దసరాకు ఊళ్లో బుల్లెట్లున్నవాళ్లంతా ఆ ఖాళీ రోడ్ల మీద పందెం పెట్టుకుంటారు. కుర్మయ్య ప్రతి ఏడూ దిగేవాడు, ప్రతి ఏడూ ఆఖరున వచ్చేవాడు. వచ్చి, గెలిచినవాడికంటే ఎక్కువ నవ్వేవాడు. ఈ దసరాకు తండ్రి బండిని ఒక్కసారైనా ముందు నిలపాలని జగదీశ్ పట్టుదల. అందుకే ఇంజను విప్పి అరుగు మీద పరిచాడు.

ఉపాయం చెప్పింది బావ శ్రావణ్‌కుమార్. ఆయన ఎయిర్‌పోర్టు పార్కింగులో పనిచేస్తాడు. తీరిక దొరికితే ఫోనులో ఇంజన్ల వీడియోలు చూస్తాడు.

"క్రాంకంటే గిదే, ఇంజను లోపల తిరిగే ఇరుసు, బామ్మర్దీ. దీంట్ల కిలో బరువు కోయిస్తే బండి గుర్రం లెక్క లేస్తది."

"లేతు మిషను గోపయ్య వద్దంటుండు గద బావా. బరువు తీస్తే గబుక్కున లేస్తది గని, నిలబడ్డకాడ ఆగిపోతదట. బాపు బండి డుగ్గు డుగ్గుమనేది గా బరువుతోనేనట."

"గోపయ్యకేం ఎరుక? ఆయన చేసేది గేట్లు..." ఇంతలో నెత్తి మీదుగా విమానం దిగింది. ఆ ఊరి అలవాటు ప్రకారం ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. చప్పుడు పోయాక శ్రావణ్ ఆపిన చోటే అందుకున్నాడు. "...మనం చేసేది రేసు. నేను ఫోను జేసి చెప్త. సంచిల వచ్చినదాంట్ల కిలో తియ్యమంట, గంతే."

అరుగు మీద రెండు యూరియా సంచులున్నాయి. ఒకదానిలో పాత చద్దరు చుట్టిన క్రాంకు. రెండోదానిలో తల్లి కొండమ్మ సర్దిన బియ్యం, పప్పు, గుమ్మడికాయ. పెత్తరమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, పోయినవాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇవ్వడం ఆనవాయితీ. మొగుడి పేరు మీద ఇవ్వడం కొండమ్మకు ఇదే మొదలు. రెండు సంచుల మూతులూ తాడుతో బిగించి ఉన్నాయి. డ్యూటీకి ఆలస్యమైన శ్రావణ్ ఒకటి కారులో పడేసుకుని, గగన్‌పహాడ్‌లో గోపయ్య లేతు షాపు దగ్గర దించి పోయాడు. రెండోది జగదీశ్ గుడికి మోశాడు. అక్కడ జనం. తండ్రి పేరు చెప్పి, సంచి దించి, దండం పెట్టి వచ్చేశాడు. బరువుగానే ఉంది. బాపుకు అమ్మ తక్కువ పెట్టదు కదా అనుకున్నాడు.

మధ్యాహ్నం గోపయ్య ఫోను చేశాడు.

"అన్నా, శ్రావణన్న చెప్పినట్టే కిలో తీసిన."

"అప్పుడే అయిపోయిందా?"

"ఎంతసేపు? గిన్నెతోటి తీసుడే గద."

"గిన్నెతోటా!"

"మరి బియ్యాన్ని లేతు మీద పెడ్తరా? మంచి బియ్యమన్నా. మీ బాపు, మా నాయిన దోస్తులు గద, పోయిన మా నాయిన కోసం పంపినవనుకున్న. మిగిలినయి ఆయన పేరు మీద అయ్యగారికి ఇచ్చొచ్చిన."

జగదీశ్ గుడికి పరుగెత్తాడు. అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. సంచి విప్పి చూసిన అయ్యగారు కొంచెం కూడా తడబడలేదట. "పోయినవారికి గొడుగు ఇస్తాము, చెప్పులు ఇస్తాము. కుర్మయ్యగారికి బండంటే ప్రాణం. కొడుకు దాని గుండెకాయే ఇచ్చాడు" అని అందరికీ వివరించాడట. జనానికి ఆ మాట నచ్చింది. ఈరమ్మ ఇంటికి పోయి మొగుడు వాడిన బోరు మోటారు తెచ్చింది. ఇంకొకాయన ట్రాక్టరు క్లచ్చు ప్లేట్లు తెచ్చాడు. రేణుకమ్మ అత్త పేరు మీద ఇనుప పెనం, కుక్కరు ఇచ్చింది. జగదీశ్ వెళ్లేసరికి ఆమెతో ఆడబిడ్డ పోట్లాడుతోంది.

"మా అమ్మకు విజిల్ లేని కుక్కర్ ఇస్తవా? పప్పు ఉడికిందో లేదో ఆమెకెట్ల తెలుస్తది?"

"ఉన్నప్పుడు ఒక్క విజిలన్న లెక్కవెట్టిందా మీయమ్మ?"

జగదీశ్ వాళ్లను తప్పించుకుని ముందుకెళ్లాడు. "అయ్యగారూ, మా క్రాంకు?"

"ఇనుమంతా గోపయ్య వచ్చిన ఆటోలోనే పంపించానండీ. గుడికి గేటు చేస్తానన్నాడు."

జగదీశ్ గగన్‌పహాడ్ చేరేసరికి గేటు సగం లేచింది. అందులో క్లచ్చు ప్లేట్లు చక్రాల్లా వెలుగుతున్నాయి. గోపయ్య క్రాంకును పైన నిలబెట్టి, అందం చూస్తున్నాడు.

"కలశం లెక్క లేదా అన్నా?"

"కోయొద్దని చెప్పినోడివి నువ్వే గద, గోపయ్యా!"

"కోయొద్దన్న. అతికియ్యొద్దని ఎప్పుడన్న?"

క్రాంకును చంకనెత్తుకుని, అయ్యగారిని అడిగి ఇంటికి తీసుకుపోదామని జగదీశ్ గుడికి వచ్చాడు. కబురు తెలిసి కొండమ్మ అప్పటికే అక్కడుంది.

"బాపు పేరు మీద ఇచ్చింది మళ్లా అడుగుతవారా?"

అయ్యగారు ఆలోచించి చెప్పాడు. "తీసుకోవద్దని నేననను. కానీ మీ బియ్యం గోపయ్య తండ్రికి చేరాయి. కుర్మయ్యగారికి అందింది ఇదొక్కటే. ఇదీ పట్టుకుపోతే ఈ ఏడు ఆయన పస్తే కదమ్మా."

కొండమ్మ ఇంటికి పోయి, మళ్లీ బియ్యం తెచ్చి ఇచ్చి, క్రాంకును విడిపించింది.

సాయంత్రం అందరూ అరుగు మీద చేరారు. శ్రావణ్‌కు పట్టుదల పెరిగింది. "రేపు నేనే లేతు కాడ నిలబడి కోయిస్త."

"ఎందుకు కోసుడు?" అంది కొండమ్మ.

"బాపు ఏటా ఆఖరున వచ్చిండు గదమ్మా, బండి బరువుకే" అన్నాడు జగదీశ్.

"బండి బరువేంది? ఎనక నేను కూసునేదాన్ని. జర గట్టిగ పోతే నడుం మీద గిల్లుడే."

జగదీశ్ తల్లి మొహం చూశాడు. "ఆ ఒక్క దినం దిగొచ్చు గదమ్మా?"

"దిగుతనంటే మీ బాపు పందెమే వద్దనేటోడు."

విమానమేదీ రాకపోయినా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కొండమ్మే మళ్లీ అంది. "ఈ ఏడు గూడ ఎక్కుత. మెల్లగ పోనియ్యి."

"బామ్మర్దీ, ముంగట కిలో తీసి, ఎనక అత్తమ్మను ఎక్కిస్తే ఇగ ఫాయిద..." అంటూ శ్రావణ్ లెక్క మొదలుపెట్టాడు. భార్య మంజుల చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

క్రాంకు కోయడం మానుకున్నారు. దసరా పది రోజుల్లో ఉంది, ఇంజను మాత్రం ఇంకా బిగించలేదు.