అల్లుడుగారి ప్యాకేజీలు

ఆ పొద్దున జగన్నాథరావుకు ఒక్కటే పని: పెళ్ళి సరుకు మధ్యాహ్నంలోగా నందిగామ కల్యాణమండపానికి పంపడం. జగ్గయ్యపేటలో ఇన్ని కొట్లుండగా, పెనుగంచిప్రోలు కనకయ్య కూతురి పెళ్ళి బేరం తన కిరాణా కొట్టుకే ఇచ్చాడు. ఇందులో మాట పడితే ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళేవీ మళ్ళీ ఈ గుమ్మం తొక్కవు.

అయినా ఆయన మనసు కొట్టు పైనున్న మేడ మీదే ఉంది. కూతురు ఉషశ్రీ పురిటికి వచ్చింది. వెనకాలే కంప్యూటరు చంకన పెట్టుకుని అల్లుడు నవనీత్ దిగాడు. లైనక్స్ అట, ఇంట్లో కూర్చునే ఉద్యోగమట. అదేం పనో తెలుసుకోవాలని జగన్నాథరావుకు ఒకటే ఆరాటం. అల్లుణ్ణి నిలదీసి అడిగితే మర్యాదగా ఉండదు గనుక, కాఫీ గ్లాసు పట్టుకుని మెట్ల మీదే చెవులు రిక్కించాడు.

"ప్యాకేజీల్లో బగ్స్ ఉన్నాయి," అల్లుడు ఫోన్లో అంటున్నాడు. "అన్నీ అన్‌ప్యాక్ చేసి, క్లీన్ చేసి, మళ్ళీ ప్యాక్ చేయాలి. ఇట్టాగే బయటికి పోతే పరువు పోద్ది!"

బగ్ అంటే పురుగని ఉషశ్రీ చేత చిన్నప్పుడు వల్లె వేయించింది ఆయనే. నిన్న అల్లుడు గోడౌనంతా తిరిగి చూశాడు కదా! మొహమాటానికి తనతో అని ఉండడు.

"సాంబయ్యా! నందిగామ మూటలన్నీ విప్పు!"

"నిన్ననే కదండీ కట్టాం?" అన్నాడు కొట్టు గుమాస్తా.

"పురుగులున్నాయంటయ్యా!"

ఆ కేక వీధి దాటింది. పంచదారకొచ్చినావిడ ఖాళీ సంచితోనే వెళ్ళిపోయింది. ఎదురు కొట్టువాళ్ళు అడగనివాళ్ళకు కూడా వార్త పంచారు. ఆటోస్టాండు చేరేసరికి పురుగులు కాస్తా ఎలకలయ్యాయి. కాసేపటికి కనకయ్య ఫోన్ చేశాడు. "పెళ్ళి సరుకులో ఎలకలేందండీ? వస్తున్నా, ఉండండి!"

గోలకు నవనీత్ కిందికి దిగి, సంగతి విని నెత్తి పట్టుకున్నాడు.

"బగ్ అంటే మా భాషలో తప్పండి మావయ్యగారూ, పురుగు కాదు! కంప్యూటర్ని నడిపే ఈ లైనక్స్‌లో ప్రోగ్రాములు ప్యాకేజీలుగా వస్తాయి. వాటి సోర్సు, అంటే మూల సరుకు తెచ్చుకుని, విప్పి, తప్పులు తీసి, వరసగా సర్ది మళ్ళీ కడతాం."

కొట్టు మునుగుతున్న సంగతి జగన్నాథరావుకు క్షణం మరపుకొచ్చింది. "మరి మూల సరుకులోనే తప్పుంటేనో?"

"ఇచ్చినవాళ్ళకే చూపిస్తామండి."

"అయ్యగారూ, ఇటు చూడండి!" సాంబయ్య అరిచాడు. మినుముల మూటలో నిజంగానే పురుగులు కదులుతున్నాయి. బియ్యం, కందిపప్పు, మిరపకాయలు అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, మినుములొక్కటే పుచ్చాయి. జగన్నాథరావుకు అల్లుడి మాట తట్టి, అసలీ మినుములు ఎక్కణ్ణించి వచ్చాయా అని గోడౌన్లోకి పరుగెత్తాడు. బయటికి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఓ గోనెసంచి, ముఖాన కాస్త ధీమా ఉన్నాయి.

కనకయ్య ఆటో దిగి, విప్పిన మినుముల మూట చూస్తూనే లంకించుకున్నాడు. "పురుగుల మినుములు మా అమ్మాయి పెళ్ళికా? మగపెళ్ళివారి ముందు నా తల ఎక్కడ పెట్టుకోనండీ?"

"విప్పి చూసుకోకుండా కట్టడం నా తప్పేనండి," అన్నాడు జగన్నాథరావు. "కానీ సంచి ఎవరిదో కూడా చూడండి."

గోనె మూతికి చుట్టిన పసుపు చీర పేలికను కనకయ్య గుర్తుపట్టాడు. అది వాళ్ళావిడదే. ఆ మినుములు ఆయన పొలంలో పండినవి, ఆయనే స్వయంగా ఈ కొట్టుకు అమ్మినవి. గుప్పెడు తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. గొంతు తగ్గింది.

"పురుగు పట్టిందంటే మందు తగల్లేదనండీ. అచ్చమైన ఆర్గానిక్!"

సరుకు మధ్యాహ్నానికే నందిగామ వెళ్ళింది. మినుములు మాత్రం కనకయ్య మందు తగిలినవే అడిగి తీసుకున్నాడు.