కుళాయి చాటు మాటలు

ఆ పొద్దున్న తాబేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు ఫోన్లు మొదలయ్యేలోపు బాత్‌రూమ్‌లో దూరాలి, కుళాయి తిప్పాలి, పిచ్చుకకు ఫోన్ చేసి మనసులో మాట చెప్పెయ్యాలి. అంతే.

తాబేలు, పిచ్చుక అన్నవి వాళ్ళు పెట్టుకున్న పేర్లే. లాక్‌డౌన్‌లో జనమంతా ఇళ్ళలో బందీలయ్యాక, దిగులుతో సతమతమయ్యే కుర్రకారు కోసం ఎవరో పుణ్యాత్ములు ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. అసలు పేరు చెప్పకూడదు, చిరునామా అడగకూడదు, మొహం చూపించకూడదు. కష్టం మాత్రం నంబరు కనబడకుండా ఆ గ్రూపులోంచే ఫోన్ చేసి ఎంతైనా చెప్పుకోవచ్చు. తాబేలు కస్టమర్ కేర్ ఉద్యోగి. రోజంతా ఊళ్ళోవాళ్ళ చేత తిట్లు తిని, "మీ సహనానికి ధన్యవాదాలండీ" అనడం అతని పని. పిచ్చుక ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. పిల్లలు కెమెరాలు ఆపేసి నిద్రపోతే గోడకు చెబుతుంది. ఒకరి ఏడుపు ఒకరికి నచ్చింది. రానురాను ఏడుపు తగ్గి ఫోన్లు పెరిగాయి.

చిక్కల్లా చోటు దగ్గరే వచ్చింది. తాబేలు వాళ్ళ రెండు గదుల ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ. లోపలినుంచి గడియ పెట్టుకోగలిగింది బాత్‌రూమ్ ఒక్కటే. మాట బయటికి పొక్కకుండా కుళాయి ధారగా వదిలేవాడు. పిచ్చుక ఇంట్లోనూ సరిగ్గా అదే ఏర్పాటు. ఇటు ధార, అటు ధార, మధ్యలో ప్రేమ.

ముందురోజే పిచ్చుక తేల్చేసింది. "మనిద్దరిదీ ప్రేమా, కాలక్షేపమా? రేపు పొద్దున్నే చెప్పు. నాన్చితే గ్రూపులోంచి వెళ్ళిపోతా. నా పేరు తెలీదు, ఊరు తెలీదు. తర్వాత నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా దొరకను."

తాబేలు ఇంకా గడియ పెట్టాడో లేదో తలుపు దబదబలాడింది.

"ఒరేయ్, మళ్ళీ దూరావా? ఆ గదిలో కాపురం పెట్టావేంట్రా?" అన్నాడు నాన్న.

"కడుపు బాగోలేదు నాన్నా!"

నోటికొచ్చిన అబద్ధం. కానీ నాన్న టీవీ చూసి జబ్బు లక్షణాలన్నీ కంఠతా పట్టిన మనిషి. మందుల షాపు బాబాయికి వెంటనే ఫోన్ కొట్టాడు. "కడుపు చెడ్డా అనుమానించాల్సిందే అన్నయ్యా" అన్నాడు బాబాయి. అమ్మ ఉన్నచోటే కూలబడింది.

నాయనమ్మ తలుపుకు చెవి ఆనించింది. "కడుపు బాగోలేనివాడు లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడే?"

"అయ్యో, జ్వరం తలకెక్కింది అత్తయ్యా! పలవరిస్తున్నాడు!" అని అమ్మ గొల్లుమంది.

ఇలాంటివి దాచడం తప్పని నాన్న అపార్ట్‌మెంటు సెక్రటరీకి చెప్పేశాడు. సెక్రటరీ అప్పుడే తలకు సబ్బు రుద్దుకుంటున్నాడు. "మీ ఇంట్లోనూనా? మీ పైవాళ్ళ అమ్మాయికీ కడుపే బాగోలేదట! ఇప్పుడే వాళ్ళమ్మ చెప్పింది!" అని కేకేసి, తువ్వాలు చుట్టుకుని, తల మీద నురగతోనే చేతి మైకు పట్టుకుని మెట్ల మీదికి ఉరికాడు.

లోపల తాబేలు పరిస్థితి వేరుగా ఉంది.

"త్వరగా చెప్పు, మా అమ్మ తలుపు కొడుతోంది" అంది పిచ్చుక.

"అదే... నువ్వంటే... మీ సహనానికి ధన్యవాదాలండీ!"

"పెట్టేస్తున్నా."

"వద్దొద్దు! అలవాటులో వచ్చేసింది!"

అంతలో మైకు మోగింది. "అందరూ వినండి! మన బిల్డింగులో రెండు కేసులు! గేటుకు సీలు వేస్తారేమో, ఎవరి నీళ్ళు వాళ్ళు పట్టిపెట్టుకోండి!"

ఆ కేక తాబేలుకు ఒక చెవిలో వెంటిలేటర్‌లోంచి, రెండో చెవిలో ఫోన్లోంచి వినబడింది. పిచ్చుక వాళ్ళకీ ఇలాంటి సెక్రటరీయే తగిలాడా అని జాలిపడ్డాడే తప్ప ఇంకేం తట్టలేదు. ఆ కంగారులో బుర్ర ఎక్కడ పనిచేస్తుంది?

బిల్డింగంతా బకెట్లు, బిందెలు, డ్రమ్ములు, చివరికి పిల్లల స్కూలు సీసాలు కూడా కుళాయిల కింద పెట్టేసింది. ఆ హోరులో తన మాట వినబడదని తాబేలు కళ్ళు మూసుకుని గొంతు చించుకున్నాడు.

"పిచ్చుకా! నువ్వంటే నాకు ప్రాణం! నువ్వు లేకపోతే ఈ నాలుగు గోడల మధ్య నాకు పిచ్చెక్కిపోతుంది!"

'ప్రాణం' దగ్గర ట్యాంకు ఖాళీ అయింది. కుళాయి గుర్రుమని రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తక్కిన ప్రేమంతా వెంటిలేటర్ దారిన పై అంతస్తు దాకా నిరాటంకంగా వెళ్ళింది. బిల్డింగు మొత్తం నిశ్శబ్దం.

"నాకూ అంతే తాబేలూ!"

ఆ జవాబు ఫోన్లోంచి వచ్చింది. నెత్తి మీదినుంచి కూడా వచ్చింది. తాబేలు ఫోన్ వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు.

"నువ్వు... పైనున్నావా?"

"నువ్వు... కిందున్నావా?"

దొరకదేమోనని తాబేలు రాత్రంతా హడలిపోయిన మనిషి ఒక్క అంతస్తు దూరంలో ఉంది!

గడియ తీశాడు. బయట ముగ్గురూ ముక్కుకు గుడ్డలు కట్టుకుని గోడకు అంటుకుపోయి ఉన్నారు. మామూలు రోజుల్లో ప్రేమ అన్న మాట వింటే నాన్న ఇల్లు పీకి పందిరేసేవాడు.

"జ్వరం?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా."

"కడుపు?"

"రాయిలా ఉంది. ప్రేమించాను, అంతే."

"ప్రేమేనా! హమ్మయ్య!" నాన్న గుండె మీద చెయ్యేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. "బతికించావురా నాయనా" అని అమ్మ కళ్ళొత్తుకుంది. పైనుంచి ఇంకో తల్లి గొంతు వినబడింది: "జబ్బు కాదటండీ! ఉత్త ప్రేమేనట!"

కాసేపటికి రెండు కుటుంబాలూ మాస్కులతో మెట్ల దగ్గరికి చేరాయి, ఒకటి పైన, ఒకటి కింద. తాబేలు పిచ్చుకను మొదటిసారి చూశాడు. కనిపించింది కళ్ళు మాత్రమే. అవే చాలా ఎక్కువనిపించాయి. ఆమె నవ్విందని మాస్కు ముడతలు చూసి తెలుసుకున్నాడు.

ఇద్దరికీ మధ్య మెట్టు మీద సెక్రటరీ నిలబడి ఉన్నాడు. తల మీద నురగ ఎండి అట్టకట్టింది.

"మీ ప్రేమ సంగతి మీ పెద్దవాళ్ళు చూసుకుంటారు. నా తల సంగతి ఎవరు చూస్తారండీ? ఎవరైనా ఓ బకెట్ నీళ్ళివ్వండి!"

ఆయన మాట మీద గౌరవంతో నీళ్ళు పట్టిపెట్టుకున్న వాళ్ళెవరూ తలుపు తీయలేదు.