రెండు చుట్లు కూడా తిరగని షాఫ్ట్

టీ తాగేసి, భోజనాల వేళకల్లా పని ముగించేద్దామని నెవిల్ ట్రెంబాత్ తన పాత హోల్డెన్ కారు కింద దూరాడు. వచ్చేవారం భార్య లోరైన్‌ని మూంటా నుంచి బ్రోకెన్ హిల్‌లో ఉన్న ఆవిడ చెల్లెలింటికి తీసుకెళ్ళాలి. హైవే ఎక్కితే చాలు, ఇంజను గోల పెడుతుంది. వెనక ఇరుసులో గేర్లు మారిస్తే గోల తగ్గుతుంది కానీ, ఇప్పుడున్నవి ఎలాంటివో ముందు తెలియాలిగా!

ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, టైరు మీద సుద్దగీత గీశాడు. ఇంజను నుంచి ఇరుసుకు వెళ్ళే షాఫ్టుకు తెల్ల టేపు అంటించాడు. లోరైన్ చక్రాన్ని ఒక చుట్టు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే గేర్ల లెక్క. మామూలు కారుకైతే మూడు దాటాలి. లోరైన్ తిప్పితే షాఫ్ట్ రెండు కూడా తిరగలేదు.

పాతకార్ల క్లబ్బు అధ్యక్షుడు క్లారీకి ఫోన్ చేశాడు. "నెవ్, ఆ బండిని ముట్టుకోకు," అన్నాడు క్లారీ గొంతు తగ్గించి. అంత తక్కువ లెక్క ఎండిన ఉప్పు సరస్సు మీద వేగం రికార్డుల కోసం చేసిన బండికే ఉంటుందట.

మధ్యాహ్నానికి వీధంతా క్లబ్బువాళ్ళ పాతకార్లే. పక్క ఊరి మ్యూజియం నుంచి ట్రెవెనా అనే ఆయన కూడా దిగాడు. నెవిల్ ఛాతీ ఉబ్బింది. ఇకమీదట ఈ కారును నడపకూడదని, అద్దాల గదిలో ఉంచాలని ట్రెవెనా అనేసరికి ఉబ్బినదంతా దిగిపోయింది.

"అంత వేగం బండైతే గొర్రెల లారీలు మనల్ని దాటిపోతాయేం?" అంది లోరైన్.

అందరి ముందూ మరోసారి చూద్దామని క్లారీ ఈసారి రెండు వెనక చక్రాలూ లేపించాడు. లోరైన్ తిప్పింది.

"ఎంత?" అన్నాడు క్లారీ.

"సున్నా," అంది కారు కిందనుంచి నెవిల్ గొంతు.

ఇది మరీ అరుదైనదని ట్రెవెనా పులకించిపోయాడు.

నెవిల్ తల తిప్పి చూశాడు. లోరైన్ ఈ చక్రం తిప్పుతుంటే అవతలి చక్రం వెనక్కి తిరుగుతోంది. విషయం అర్థమైంది. పొద్దున ఒక చక్రం నేలమీదే ఉండిపోయింది కాబట్టి తిప్పినదాంట్లో షాఫ్టుకు సగమే అందింది. బయటికొచ్చి చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కారు పోతుంది. బయటికొచ్చాడు.

"ఆ చక్రం కదలకుండా పట్టుకో క్లారీ. లోరైన్, నువ్వు రెండు చుట్లు తిప్పు."

మూడున్నర. ఊళ్ళో మాంసం కొట్టువాడి బండికున్నదీ అదే. ట్రెవెనా సెలవు తీసుకున్నాడు. నెవిల్ బానెట్ మీద చెయ్యి వేసి గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంత మామూలు కారు తనకుందని ఎన్నడూ ఇంత సంబరపడలేదు.

"గేర్ల సంగతి మరి?" అంది లోరైన్.

"మారుద్దాం. మన కారేగా."

ఎగతాళి చేస్తారనుకున్న క్లబ్బువాళ్ళు మాత్రం కిక్కురుమనకుండా వెళ్ళిపోయారు. ఒక్కొక్కడూ తన బండి గేర్ల గురించి ఏళ్ళతరబడి గొప్పలు చెప్పుకున్నవాడే, ఒక చక్రమే లేపి చూసుకున్నవాడే.

ఆ సాయంత్రం మూంటాలో చాలా షెడ్లలోంచి జాకీల చప్పుడు వినిపించింది. తర్వాతి సమావేశంలో క్లబ్బు సభ్యులు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.