ముప్పావు విద్యార్థిని

"ఇకమీదట సాయం కోసం విద్యార్థి తిరగనక్కర్లేదు. సాయమే విద్యార్థి దగ్గరికి నడిచి వస్తుంది!" అని లోమా ఆల్తా యూనివర్సిటీ ఆర్థిక సహాయ విభాగం డైరెక్టర్ డాక్టర్ ఎవరిస్తో పగాన్ గారు ప్రకటించారు. ఈ ఒక్క మాట అనడానికి ఆయన లైబ్రరీ మెట్ల మీద వేదిక కట్టించారు, డప్పుల బృందాన్ని పిలిపించారు, మధ్యలో కరెంటు పోతే మెగాఫోన్ అందుకున్నారు. ప్యూర్తోరీకోలో కరెంటు పోవడం విశేషమేమీ కాదు గానీ, మెగాఫోన్ ముందే సిద్ధంగా ఉండటం మాత్రం దూరదృష్టి. యూనివర్సిటీ మొత్తాన్నీ ఏలే రెక్టర్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ సంగతి డాక్టరుగారికి తెలియనే తెలియదని ఆయన డ్రైవర్ తోన్యో కనపడినవాళ్లందరికీ విడివిడిగా చెప్పాడు.

శుక్రవారం సాయం ఉత్సవం. మొదటి చెక్కు అందుకునే అదృష్టం నర్సింగ్ చివరి సెమిస్టర్ చదువుతున్న నెరెయిదా కీలెస్‌కి దక్కింది. ఆమె పేదరాలు, పైగా ఆ పేదరికం ఫొటోలో శుభ్రంగా కనిపిస్తుంది. నెరెయిదాకి ఉత్సవంతో పని లేదు, డబ్బుతోనే పని. అది వస్తే సెమిస్టర్ పూర్తవుతుంది, పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం వస్తుంది. రాకపోతే ఇప్పటిలాగే తెల్లవారకముందే లేచి బేకరీలో జున్ను రొట్టెల ట్రేలు మొయ్యడం జీవితాంతం ఉండనే ఉంది.

నియమం చాలా సులువు. పన్నెండు క్రెడిట్ల క్లాసులు చదివితే పూర్తి విద్యార్థి, పూర్తి సాయం. తొమ్మిదైతే ముప్పావు, ఆరైతే సగం. శుక్రవారం ముగిసేలోగా ప్రతి క్లాసులోనూ ఒక్కసారైనా కనిపించాలి. లేకపోతే ఆ క్లాసు క్రెడిట్లు గాలికి పోతాయి. నెరెయిదాకి ఉన్నవి సరిగ్గా పన్నెండు. నాలుగు క్లాసులు, ఒక్కోటీ వారానికి ఒకసారే.

సోమవారం రిహార్సల్ సరిగ్గా మొదటి క్లాసు వేళకే పెట్టారు.

"డాక్టరుగారూ, నాకు క్లాసుంది" అంది నెరెయిదా.

"ఓసి పిచ్చిపిల్లా, చెక్కు అందుకోవడం చేతకాకపోతే క్లాసెందుకు? ఏదీ, మళ్లీ నవ్వు. అంత వద్దు, అవసరం ఉన్నట్టు నవ్వు" అన్నారాయన. ఆ తర్వాత తన లెటర్‌హెడ్ మీద, బంగారు సిరాతో, సెలవు చీటీ కూడా రాసిచ్చారు.

నర్సింగ్ విభాగంలో హాజరు పంపేది ప్రొఫెసర్ ఒబ్దూలియా. ఆవిడ చీటీని కళ్లద్దాలు పెట్టుకుని చదివింది, తీసేసి కూడా చదివింది.

"చీటీ ముచ్చటగా ఉందమ్మా. కానీ కుర్చీలో కూర్చున్నది చీటీ కాదు కదా? నువ్వు రానట్టే రాశాను."

"చీటీ ఇచ్చింది డైరెక్టర్ గారే మేడం!"

"అయితే నువ్వు రాలేదనడానికి అంతకంటే పెద్ద సాక్షి ఎవరు?"

అలా నెరెయిదా ముప్పావు విద్యార్థిని అయింది. డాక్టరుగారు కంగారు పడలేదు. ఉత్సవం కోసం తలుపంత అట్ట చెక్కు ముందే చేయించి ఉన్నారు. తోన్యో చేత రంపం తెప్పించి అందులో పావు వంతు కోయించారు. ప్రజాధనం విషయంలో ఆయన అంత ఖచ్చితం. మంగళవారం రిహార్సల్ రెండో క్లాసు వేళకి పడింది. రంపం మళ్లీ బయటికి వచ్చింది.

సగం చెక్కుని చూసి ఈసారి నెరెయిదా ఊరుకోలేదు.

"నాకీ ఉత్సవం వద్దు సార్! నన్ను క్లాసుకి పోనివ్వండి, మీకు పుణ్యముంటుంది."

"నువ్వు క్లాసుకి పోతే నేను సాయం ఎవరికి చెయ్యనమ్మా?" అని డాక్టరుగారు నిజంగానే బాధపడ్డారు. బాధలోనే ఆయనకి ఆలోచన వచ్చింది. "తోన్యో, రాసుకో. ఈ ఉత్సవమే ఒక క్లాసు. పేరు బహిరంగ కృతజ్ఞత. ఆరు క్రెడిట్లు!"

"పరీక్ష ఉంటుందా డాక్టరుగారూ?" అన్నాడు తోన్యో.

"ఉంటుంది. కళ్లు చెమర్చాలి."

కోసిన ముక్కలన్నీ టేపుతో అతికించారు. హాజరు పడగానే నెరెయిదా మళ్లీ పూర్తి విద్యార్థిని అవుతుంది. ఇక మిగిలిన రెండు క్లాసులూ ఒబ్దూలియా గారివే, శుక్రవారం పొద్దున ఒకదాని వెంట ఒకటి. ఉత్సవం మధ్యాహ్నం. రెండూ అందుకోవచ్చని నెరెయిదా ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం పొద్దున ఆకాశం మబ్బు పట్టింది. వాన ఫొటోలని పాడు చేస్తుందని డాక్టరుగారు ఉత్సవాన్ని పొద్దుటికే జరిపారు. మైదానంలో కుర్చీలు ఖాళీగా కనపడేసరికి క్లాసులన్నీ మైదానంలోనే జరగాలని ఆర్డరు వేశారు. ఆ కబురు క్షణాల్లో పూర్తి విద్యార్థులందరి ఫోన్లకీ వెళ్లింది. నెరెయిదా అప్పటికింకా సగం విద్యార్థినే.

కొండ మీది నర్సింగ్ బిల్డింగుకి ఆమె అందరికంటే ముందే చేరుకుంది. గంట కొట్టారు, ఎవరూ రాలేదు. ఇంతలో కింద నుంచి డప్పులు వినిపించాయి. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

మైదానంలో ఒబ్దూలియా గారు అప్పుడే ఫోను బ్యాగులో పెట్టుకుంటోంది.

"మూడు క్లాసులకీ హాజరు పంపేశానమ్మా, కృతజ్ఞతతో సహా. డప్పులవాళ్లు కూడా వచ్చారు, నువ్వే రాలేదు."

"నేను క్లాసులో ఉన్నాను మేడం!"

"క్లాసు ఇక్కడుంటే నువ్వు అక్కడెలా ఉంటావు?"

తోన్యో వేదిక ఎక్కి డాక్టరుగారి చెవిలో "సున్నా అంట" అన్నాడు. డాక్టరుగారు చిరునవ్వు చెదరనివ్వలేదు. నెరెయిదాని పైకి రమ్మని చెక్కు ఒక అంచు ఆమె చేతికిచ్చి, రెండో అంచు తాను పట్టుకున్నారు. ఫొటో తీశారు. తీయగానే చెక్కుని మెల్లిగా తనవైపు లాక్కున్నారు. ఆమె వదల్లేదు.

"నేను ఎదురుగానే ఉన్నాను కదండీ!" అంది, కళ్ల నీళ్లతో.

"ఉన్నావు తల్లీ, ఎవరు కాదన్నారు? విద్యార్థినిగా లేవు, అంతే." ఆమె కళ్లు చూసి ఆయన తృప్తిగా తల పంకించారు. "అబ్బ, ఇది రిహార్సల్లో రాలేదు సుమా."

టేపు ఊడింది. నెరెయిదా చేతిలో మిగిలిన ముక్కని కూడా తోన్యో మర్యాదగా అడిగి తీసుకున్నాడు. డాక్టరుగారు మెగాఫోన్ అందుకున్నారు.

"ఈ క్షణానికి మన యూనివర్సిటీలో పూర్తి సాయం అందని నర్సింగ్ విద్యార్థి ఒక్కరంటే ఒక్కరు కూడా లేరు!"

మైదానం మారుమోగింది. చేతులు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి నెరెయిదా కూడా చప్పట్లు కొట్టింది.

మర్నాడు డాక్టరుగారిని రెక్టర్‌గా నియమించారు. ఆ వార్తతోపాటు పేపర్లో ఫొటో పెద్దదే వేశారు. దాని కింద ఇలా ఉంది: "రెక్టర్ డాక్టర్ పగాన్. పక్కన, ఆయనని అభినందించడానికి వచ్చిన ఒక బేకరీ పనిమనిషి."