మునిగినోణ్ణి మర్యాదగ తీసే పద్ధతి

నీళ్లల్ల మునుగుతున్న మనిషిని బయటికి గుంజుడు మనుషులు ఎప్పటిసందో చేస్తనే ఉన్నరు. కని దాన్ని పద్ధతి ప్రకారం, మర్యాదగ, మూడు కాపీలల్ల చేసుడు మాత్రం మన కాలంలనే మొదలైంది. ఈ ఘనత మొత్తం జలవిహార మర్యాద విభాగానిది. (ఆఫీసు మహబూబాబాద్‌ల ఒక కిరాయి బిల్డింగు మూడో అంతస్తుల ఉంటది. గంత పైకి నీళ్లు ఎట్లయినా రావు.)

విభాగం పుట్టంగనే సర్కులర్ నంబర్ ఏడు తీసింది. (ఒకటి నుంచి ఆరు దాక ఏమైనయని అడుగుడు అమర్యాద కిందికి వస్తది.) అందుల ఇట్ల రాసి ఉన్నది: "జలాశయములందు ఆపదలోనున్న తోటి పడవదారునకు ప్రతి పడవదారుడు సహాయపడవలెను. అట్టి సహాయము మర్యాదపూర్వకముగా నుండవలెను. సహాయ సమయమున పడవ ధ్వంసమైనచో కొత్తది మంజూరు చేయబడును."

ఇందుల మూడో ముక్క మొండయ్యకు మస్తు నచ్చింది. రెండో ముక్క ఆయన సక్కగ ఇనలే.

మొండయ్య పెద్దవంగర దిక్కు రాయిచెరువుల చేపలు పట్టి బతికే మనిషి. పడవ అన్నది పెద్ద మాట గని, ఆయనకున్నది థర్మాకోల్ ముక్కలను పాత వలల సుట్టి, పైకెంచి యూరియా సంచులు కుట్టిన తెప్ప. ఒక్క మనిషి, ఒక్క వల పడతయి. రెండో మనిషి ఎక్కితే తెప్ప ఆలోచిస్తది.

రాయిచెరువుకు విభాగం రాకముందు సుత ఒక మర్యాద ఉండేది. ఎవ్వని తెప్పన్న తిరగవడితే సుట్టుపక్కలోళ్లు వలలు ఆడనే ఇడిసిపెట్టి పోతరు. ముందుగాల చేతికి ఏది దొరికితే అది వట్టి గుంజుతరు. తెప్ప మీద ఏసుకున్నంక ఒడ్డు దాక తిడుతరు. తిట్టిండ్రంటే మనోడు అన్నట్టు. తిట్టకుంట ఊకున్నరంటే వాని మీద మనసు ఇరిగిందన్నట్టు. పోయినేడాది సోమనర్సయ్యను తీసినోళ్లు ఏదో పరధ్యానంల తిట్టుడు మరిచిండ్రు. పాపం, సోమనర్సయ్య వారం దినాలు సక్కగ అన్నం తినలే. "నేనేం తప్పు చేసిన్నే?" అని ఇల్లిల్లు తిరిగి అడిగిండు. ఆఖరికి నలుగురు కూడి, ఇంటికి పోయి తిట్టి వచ్చినంకనే నిమ్మళమైండు.

ఇసొంటి చెరువుకు సర్కారు కట్ట మీద రంగు లైట్లు వెట్టింది, నీళ్లల్ల కాళ్లతోని తొక్కే హంస బోట్లు ఆరు ఇడిసింది. ఒక ఆదివారం జనగామ నుంచి చందూలాల్ సేటు, ఆయన భార్య బోటింగుకు వచ్చిండ్రు. సేటుకు జనగామల బట్టల దుకాణం. చెరువు నడుమ గుర్రపుడెక్కల బోటు చిక్కింది. ఎంత తొక్కినా కదులతలేదు. ఇగ చేసేదేం లేక సేటు లేచి నిలవడి సెల్ఫీ దిగిండు. హంస ఒక దిక్కు ఒరిగి, ఇద్దర్ని నీళ్లల్ల వంపింది.

మొండయ్య వల ఇడిసిపెట్టి వచ్చిండు. సేటమ్మను తెప్ప మీదికి గుంజిండు. సేటును గుంజంగనే తెప్ప ఫట్టుమని నడుమకు ఇరిగింది. ఒక ముక్క మీద సేటమ్మను కూసోవెట్టి, ఇంకో ముక్క సేటు చేతికిచ్చి, తాను ఈదుకుంట ఇద్దర్నీ ఒడ్డుకు నూకిండు. నూకినంతసేపు తిట్టిండు.

"ఓ సేటూ! కూసోని తొక్కమంటే నిలవడి ఫోటువ దిగుతవా? చెరువంటే నీ దుకాణంల అద్దమనుకున్నవా? నీ తలకాయల ఏమున్నయ్, పత్తిగింజలా?"

"సహీ బాత్ భయ్, సహీ బాత్," అనుకుంట సేటు నీళ్లు ఉమ్మిండు.

"ఇంటికాడ గూడ గిట్లనే చేస్తడన్నా. ఇంకో రెండు తిట్టు," అన్నది సేటమ్మ.

ఇంకో పద్దెనిమిది దినాలకు రాయిచెరువు తెరుస్తరు. అంటే చేపలు పట్టేటోళ్ల సంఘపోళ్లంత ఒక్కటే దినం నీళ్లల్లకు దిగి పట్టుడు మొదలువెడతరు. తెప్ప ఉన్నోడు నీళ్లల్ల ఉంటడు. లేనోడు కట్ట మీద నిలవడి మందివి చేపలు ఏరుతడు. మొండయ్య భార్య పుష్పమ్మ ఇరిగిన ముక్కలను చూసి ఒక్కటే మాటన్నది: "మంచి పని చేసినవ్ తియ్యి. ఈయేడు నువ్వు ఏరు, నేను కడుగుత. ఇద్దరం కట్ట మీదనే సంసారం చేద్దాం."

మర్నాడే మొండయ్య మహబూబాబాద్ పోయి మూడంతస్తులు ఎక్కిండు. ఆడ సంగీత అనే పిల్ల కంప్యూటర్ ముంగట కూసున్నది. బీటెక్ చదివింది, ఔట్‌సోర్సింగుల ఆపరేటరు. దరఖాస్తు ఎక్కిచ్చింది, ఇరిగిన తెప్ప ఫోటువ ఎక్కిచ్చింది, వారానికి రమ్మన్నది. వారానికి పోతే తెర దిక్కు చూసి మొఖం చిన్నగ చేసుకున్నది.

"కాకా, సహాయం రుజువైంది. మర్యాద ఫెయిలైంది."

"గదేంది బిడ్డా? ఇద్దరు పానంతోని ఇంటికి పోయిండ్రు గదా?"

"పోయిండ్రు కాకా, దానికి టిక్కు పడ్డది. కని సేటుకు మిషిన్ ఫోన్ చేసింది. 'సహాయకుడు మిమ్ములను దూషించినాడా? అవును అయితే ఒకటి నొక్కండి' అని అడిగింది. సేటు ఒకటి నొక్కిండు."

"మరి తిట్టినట్టే గదా. అబద్ధం ఆడమంటవా?"

"నాకు తెలుసు కాకా. మిషిన్‌కు తెల్వది."

మొండయ్య అటునుంచి అటే జనగామ బస్సెక్కిండు. సేటు ఆయన్ను గద్దె మీద కూసోవెట్టి చాయ తెప్పిచ్చిండు. ముచ్చట ఇన్నంక నెత్తి పట్టుకున్నడు.

"అరె మొండయ్య భయ్, నేను తారీఫ్ చేసిన, మెచ్చుకున్న! తిట్టిండా అంటే ఒకటి నొక్కిన. మస్తు తిట్టిండు, సొంత తమ్మున్ని తిట్టినట్టు తిట్టిండు అని సుత చెప్పిన. గంతల్నే ఫోన్ కట్టయింది."

"మళ్ల చేసి చెప్పరాదు సేటూ?"

"చేసిన భయ్. ఒక్క ఆపదకు ఒక్కటే అభిప్రాయమంట. మళ్ల చెప్పాల్నంటే మళ్ల మునగాల్నంట." సేటు జర ఆలోచన చేసిండు. "మునుగుడుకు నాకేం ఇబ్బంది లేదు గని, మా ఇంటామె ఒప్పుకోదు."

ఇగ మిగిలింది పెద్ద సారు. మర్యాద అధికారి వెంకటేష్ సారు చెడ్డమనిషి కాదు. అన్నీ మంచిగ ఇన్నడు. ఇని, మొండయ్యకు ఒక దారి చూపిచ్చిండు: రెండు దినాల మర్యాద శిక్షణ తీసుకోవాలె, అటెన్క నీళ్లల్ల పరీక్ష రాయాలె. పాసైతే పాత అమర్యాద మాఫీ, తెప్ప మంజూరు.

శిక్షణ భూపాలపల్లి దిక్కు, చెల్పూరు కాడ ఒక ఫంక్షన్ హాల్ల. మొండయ్య మూడు బస్సులు మారి పోయిండు. కిటికీలకెంచి కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనవడ్డయి గని, సుట్టుపక్కల నీళ్లు కనవడలే. ప్లాస్టిక్ కుర్చీలను పడవలనుకొమ్మన్నరు. స్వరూప మేడమ్ అని హైదరాబాద్ నుంచి వచ్చిన ఆమె ఏడు మెట్లు నేర్పిచ్చింది. ఒకటి, చిరునవ్వు. రెండు, నమస్కారం. మూడు, తన పేరు, ఊరు, సంఘం నంబరు చెప్పుడు. నాలుగు, "మీరు ఆపదలో ఉన్నారా?" అని అడుగుడు. ఐదు, "మీకు సహాయం చేయవచ్చునా?" అని అనుమతి తీసుకునుడు. ఆరు, చెయ్యి అందిచ్చుడు. ఏడు, "మాతో మునిగినందుకు ధన్యవాదాలు" అనుడు.

"మేడమ్, నాలుగో మెట్టు కాడికి వచ్చేసరికి మనిషి అడుక్కు పోతడు," అన్నడు మొండయ్య.

"గుడ్ క్వశ్చన్," అన్నది మేడమ్. బోర్డు మీద రాసుకున్నది. మాపటికి తుడిచేసింది.

రెండు దినాలు మొండయ్య కుర్చీల నడుమ తిరిగి, మునుగుతున్న కుర్చీలకు దండం వెట్టిండు. మునుగుతున్నట్టు యాక్షన్ చేసే అంగన్‌వాడీ టీచరును ఒకసారి అలవాటుల "ఏమమ్మా, కండ్లు నెత్తికెక్కినయా" అన్నడు. ఐదు మార్కులు కోసిండ్రు. అయినా హాజరు పత్రం అయితే చేతికి వచ్చింది. ఇంటికి పోయి పుష్పమ్మ మీద సాధన మొదలువెట్టిండు. కూరల ఉప్పెక్కువైతే చిరునవ్వు నవ్వి, దండం వెట్టి, పేరు చెప్పిండు. పుష్పమ్మ భయపడి దవాఖానకు పోదాం పా అన్నది.

చెరువు తెరుసుడు ఇంక నాలుగు దినాలుందనంగ పరీక్ష వెట్టిండ్రు. నిబంధన ప్రకారం పరీక్షకు ఒక "ఆపదలోనున్న తోటి పడవదారుడు" కావాలె. ఆ పోస్టు ఇంక భర్తీ కాలేదు గనుక వెంకటేష్ సారే నాలుగో నంబరు హంసల కూసున్నడు. (మంచి హంసలు టికెట్టు కొన్నోళ్లకు. నాలుగో నంబరు రిపేరుకు రాసి ఉన్నది గనుక సర్కారు పనికి ఖాళీగ ఉంటది.) లైఫ్ జాకెట్లు స్టోర్ల ఉన్నయ్ గని, ప్రారంభోత్సవం కాకముందు సీలు ఇప్పొద్దు. సంగీత ఒడ్డు మీద ట్యాబ్ పట్టుకొని నిలవడి "ఆపద మొదలైనది" అన్న బటన్ నొక్కింది. మొండయ్య సోమనర్సయ్య తెప్ప అడుక్కొని బయలెల్లిండు.

దగ్గరికి పోయేసరికి సారు నిలవడి చేతులు ఊపుతాండు.

"మొండయ్యా! బోటుల నీళ్లొస్తున్నయ్!"

"యాక్షన్ మంచిగ చేస్తాన్రు సారూ," అని మొండయ్య చిరునవ్వు నవ్విండు. ఒకటో మెట్టు. తెడ్డు పక్కకు వెట్టి దండం వెట్టిండు. రెండో మెట్టు. "నా పేరు మొండయ్య. మాది రాయిచెరువు సంఘం…"

"నిజంగనే వస్తున్నయ్! నాకు ఈత రాదయ్యా!"

"నంబరు నలభై ఒకటి," అనుకుంటనే మొండయ్య హంస మెడ దిక్కు చూసిండు. నీళ్లు మెడ దాక వచ్చినయ్. హంస మెడ గాదు, సారు మెడ.

ఒడ్డు మీదికెంచి సంగీత ఒర్లింది: "కాకా, ఇంక నాలుగు మెట్లున్నయ్!"

మొండయ్య నాలుగు మెట్లు ఒక్కసారే దుమికిండు. కాలర్ దొరికింది, గుంజిండు. తెప్ప అంచుకు ఏలాడదీసి ఒడ్డు దిక్కు తిప్పిండు. గంతే, రెండు దినాల శిక్షణ ఆయన పొట్టలకెంచి బయటికి పోయింది.

"ఈత రానోనివి నీళ్లల్ల నీకేం పని? ఓటి బోటుల కూసోమని ఎవడన్నడు నిన్ను? ఇంటికాడ పెండ్లాం పిల్లలు లేరా? గింత చదివినవ్, అడుగుకు బొక్క ఉన్నదా లేదా సూసుకునే తెలివి లేదా?"

"లేదు మొండయ్యా, లేదు," అన్నడు సారు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్. కట్ట మీద ఉన్న సంఘపోళ్లు మొదటిసారి సారును మనోడన్నట్టు చూసిండ్రు.

మొండయ్య మాత్రం ఒడ్డు ఎక్కంగనే లెక్క ఏసుకున్నడు. పరీక్ష పోయింది. పరీక్షతోని తెప్ప పోయింది. పుష్పమ్మ ఏమన్నదో మతికొచ్చింది.

సారు కొంగుతోని మొఖం తుడుసుకున్నడు (కొంగు పుష్పమ్మది, అడగకుంటనే ఇచ్చింది). "సంగీతా, ఆపద ముగిసిందని కొట్టు."

సంగీత కొట్టింది. యాప్ "కాపాడబడిన వ్యక్తి ఎవరు?" అని అడిగింది. కింద మూడే ఉన్నయ్: పౌరుడు, పర్యాటకుడు, మత్స్యకారుడు. పౌరుడు నొక్కి సారు ఆధార్ కొడితే ఎర్ర అక్షరాలు వచ్చినయ్: "ఈ నంబరు విభాగ అధికారిది. అధికారులకు ఆపద వర్తించదు. మళ్లీ ప్రయత్నించండి."

మళ్ల ప్రయత్నించింది. మళ్ల వర్తించలే.

"మరి నేను యాడున్నట్టు?" అన్నడు సారు.

"రికార్డు ప్రకారం నీళ్లల్లనే ఉన్నరు సార్."

"రాతపూర్వకంగ నేనే సంతకం వెట్టి క్లోజ్ చేస్త."

సంగీత నిబంధనలు తెరిచి చదివింది. ఆపదలోనున్న వ్యక్తి సంతకం చెల్లదు. ఒత్తిడిల పెట్టి ఉండొచ్చంట.

"మరి మర్యాద ముచ్చట?" అని మెల్లగ అడిగిండు మొండయ్య. "తిట్టిన గదా బిడ్డా."

"ఆ ప్రశ్న ఆపద ముగిసినంకనే ఓపెన్ అయితది కాకా. ఇప్పుడైతే నువ్వు ఫెయిలు కాలే, పాసు కాలే. పరీక్ష నడుస్తాంది."

ఇరవై నాలుగు గంటలు గడిచినయ్. ఒక అధికారి దినమంత నీళ్లల్ల ఉన్నడని కంప్యూటర్ పై ఆఫీసుకు చెప్పింది. పై ఆఫీసు కదిలింది. (పౌరుల కోసం కదలదని కాదు, ఆ బటన్ ఇంక పెట్టలేదు.) రెండో దినం అత్యవసర ఉత్తర్వు వచ్చింది: "సదరు అధికారిని వెలికితీయు నిమిత్తము, సమీపమునగల శిక్షణ పొందిన పడవదారునకు నూతన తెప్ప ఒకటి తక్షణమే మంజూరు చేయడమైనది." రాయిచెరువు సుట్టుపక్కల హాజరు పత్రం ఉన్న మనిషి ఒక్కడే.

చెరువు తెరిచే దినం పొద్దుగాల ట్రాలీ ఆటోల తెప్ప దిగింది. ఫైబర్‌ది, పచ్చది, ఇద్దరు కూసున్నా ఆలోచన చెయ్యది. పక్కకు "శ్రీ వెంకటేష్ గారి సహాయార్థం" అని రాసి ఉన్నది. పుష్పమ్మ దాని సుట్టు ఒకసారి తిరిగి, చేతితోని తట్టి చూసింది.

"మంచిగనే ఉన్నదయ్యో. మునిగితే గిట్ల పెద్దోళ్లే మునగాలె," అన్నది.

సంగీత మొండయ్యను పక్కకు పిలిచి సంతకం తీసుకున్నది. "కాకా, ఒక్క ముచ్చట మంచిగ ఇను. తెప్ప సారును తీసుటానికి ఇచ్చిండ్రు. సారును తీసినట్టు రికార్డు అయ్యిందనుకో, ఆ తిట్ల ప్రశ్న ఓపెన్ అయితది, నువ్వు ఫెయిలైతవు, తెప్ప వాపస్ పోతది."

"అంటే తియ్యొద్దా?"

"ప్రయత్నం చేస్తనే ఉండు."

మొండయ్య వల ఏసుకొని తెప్ప నీళ్లల్లకు నూకిండు. కట్ట మీద వెంకటేష్ సారు ఇస్త్రీ అంగి ఏసుకొని, చాయ తాగుకుంట నిలవడ్డడు. రికార్డుల నీళ్లల్ల ఉన్నన్ని దినాలు ఆయనకు మీటింగులు లేవు, హాజరు దానంతటదే పడుతాంది. మొండయ్య ఆయన దిక్కు చూసి, జర మొహమాటపడి, "సారూ, మిమ్ముల తీసుడు ఎప్పుడు వెట్టుకుందాం?" అని అడిగిండు.

సారు చాయ గ్లాసు కింద వెట్టి, మర్యాదగ దండం వెట్టిండు.

"తొందరేం లేదు మొండయ్యా. నేను రిటైర్ అయినంక పౌరున్నయిత గదా, అప్పుడు తియ్యి."