సర్పంచ్ గారి సంతకం

మహిళలకు అధికారం అప్పగించే సమయం ఆసన్నమైందని శ్యాంసుందర్‌రావు గారు ప్రకటించారు. చింతలమడుగు సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వ్ అయిందని పేపర్లో చూసిన అరగంటకే ప్రకటించారు. ముందురోజు వరకూ తనే నిలబడదామని అన్నీ సిద్ధం చేసుకున్న మనిషి, అరగంటలో అంత పెద్ద మనసు చేసుకోవడం మామూలు విషయం కాదు.

"ఇగ ఆడోళ్ల రాజ్యం రావాలె. నేను రెడీ," అన్నారు వాకిట్లో కూర్చున్న పదిమందితో.

ఆ పదిమందిలో ఆడవాళ్లు లేరు. ఇంట్లో ఉన్న ఒక్క ఆడమనిషి, ఆయన భార్య జానకీబాయి గారు, లోపల ఆ పదిమందికీ చాయ్ పెడుతున్నారు. తాను పోటీ చేస్తున్న సంగతి ఆమెకు కప్పుల కోసం వచ్చిన రాయమల్లు చెప్పాడు. రాయమల్లు రావు గారి కుడిభుజం. ఎడమభుజం పని కూడా అతనే చూస్తాడు.

"అమ్మా, మీరు నిలవడుతున్రట."

"దేంట్ల?"

"సర్పంచుల."

"చక్కెర సరిపోయిందా సూడు," అన్నారామె.

రావు గారి తాత, తండ్రి సుల్తానాబాద్ చుట్టుపక్కల పది ఊళ్లలో పెత్తనం చేసినవాళ్లు. వాళ్లు నడిచివస్తుంటే అరుగుల మీది జనం లేచి నిలబడేవారట. రావు గారు వస్తే ఎవరూ లేవరు. కొందరు కొంచెం జరిగి చోటిస్తారు, అంతే. అరవై ఏళ్లు నిండుతున్నాయి. ఒక్కసారైనా ఎవరైనా తనను 'సర్పంచ్‌సాబ్' అని పిలవాలని ఆయనకు ప్రాణం కొట్టుకుంటోంది. పదవి భార్య పేరు మీద వచ్చినా పిలుపు భర్తకే వస్తుందని చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇదివరకే రుజువు చేసి పెట్టాయి.

మొదట ఆయన దృష్టి భార్య సంతకం మీద పడింది. జానకీబాయి గారు కరీంనగర్‌లో బీఏ చదివారు. పేపర్లో పదకేళి పూర్తి చేయనిదే మధ్యాహ్నం అన్నం ముట్టరు. ఆమె సంతకం ఐదు గుండ్రటి అక్షరాలు, విడివిడిగా, ఒకదాన్నొకటి తగలకుండా ఉంటుంది.

"గిదేం సంతకం? బడి పిల్లల కాపీల లెక్కున్నది," అన్నారు రావు గారు. "సర్పంచ్ సంతకమంటె సూడంగనే తహసీల్దార్ లేచి నిలవడాలె."

అందుకని భార్యకు కొత్త సంతకం ఆయనే తయారుచేశారు. 'జా' మీద ఒక చుట్ట, చివరి 'యి' తోక వెనక్కి వచ్చి పేరంతటి కిందుగా ఒక గీత, గీత కింద రెండు చుక్కలు, పక్కన కామా పెట్టి 'సర్పంచ్'. ఐదేళ్లూ కాగితాల మీద సంతకాలు పెట్టవలసింది తానే కనుక, భార్యకు ఆ శ్రమ ఇవ్వడం ఇష్టం లేదు కనుక, రెండు నెలలు సాధన చేశారు. పెళ్లిపత్రికల వెనుక పెట్టారు. మందుల చీటీ మీద పెట్టారు. ఒకనాడు జానకీబాయి గారు పేపరు తెరిస్తే పదకేళి గళ్ల నిండా తన పేరే ఉంది.

"అడ్డం ఏడు ఎక్కడ నింపాలె నేను?" అని అడిగారామె.

"దేశసేవల గివన్నీ ఉంటయి," అన్నారు రావు గారు.

నామినేషన్ ఫారం మీద కూడా ఆ కొత్త సంతకమే పడింది, 'సర్పంచ్' అన్న మాట మాత్రం గెలిచేదాకా ఆపుకుని. ఆమె చాయ్ పెట్టి వచ్చేలోపు ఆ పని అయిపోయింది. ఫారాన్ని బాసర తీసుకెళ్లి సరస్వతి అమ్మవారి పాదాల దగ్గర పెట్టించారు. అభ్యర్థిని కూడా తీసుకెళ్లేవారే గాని కారులో చోటు సరిపోలేదు.

గుర్తు కత్తెర వచ్చింది. ఫ్లెక్సీలో రావు గారు నిలువెత్తున చేతులు జోడించి నిలబడ్డారు. మూలకు జానకీబాయి గారి ఫొటో ఉంది, కత్తెర కన్నా కొంచెం చిన్నది.

ఎదుట నిలిచింది రాజక్క. మహిళా సంఘం లీడరు, ఫుట్‌బాల్ గుర్తు. ఆమె భర్త రాజలింగు బొగ్గుబాయిలో పనిచేస్తాడు, ప్రచారానికి ఒక్క షిఫ్టు కూడా మానలేదు. రాజక్క తన పేరు మీదే పోటీ చేస్తూ తనే ఇల్లిల్లూ తిరుగుతోందని విని రావు గారు ఎంతో జాలిపడ్డారు. "పాపం, ఎవ్వరు లేరు," అన్నారు.

పోలింగ్ రోజు తెల్లవారగానే మాత్రం ఆయనకు భయం పట్టుకుంది. బీపీ గోలీ వేసుకున్నారో లేదో గుర్తులేక ఇంకోటి వేసుకున్నారు. ఏడు గంటలకు బడి ముందు క్యూ మొదలయ్యేసరికి, వంద గజాల అవతల వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని వచ్చేపోయేవాళ్ల ముఖాలు చదవడం మొదలుపెట్టారు. రాయమల్లు క్యూకీ కుర్చీకీ మధ్య తిరుగుతూ సమాచారం తెస్తున్నాడు.

"రామవ్వ ఓటేసి వచ్చింది సాబ్. నన్ను సూసి నవ్వింది."

"ఎంత నవ్వింది?"

"మంచిగనే నవ్వింది."

"పండ్లు కనవడ్డయా?"

"ఆమెకు పండ్లు లేవు సాబ్."

రావు గారు ఆలోచనలో పడ్డారు. పళ్లు లేని నవ్వును ఎవరి ఖాతాలో వేయాలో ఏ సర్వేలోనూ చెప్పలేదు. చివరికి సగం ఓటుగా రాసుకోమన్నారు.

"నవ్వనోళ్లను ఏం జెయ్యాలె సాబ్?"

"వాళ్లు మనోళ్లే. నవ్వేటోళ్లతోనే నాకు పరేషాన్."

జానకీబాయి గారు ఎనిమిదింటికి వచ్చి, అందరితో పాటు వరుసలో నిలబడి, ఓటేసి ఇంటికి వెళ్లిపోయారు. అభ్యర్థి ఆవిడేనని తెలియక క్యూలో ఒకామె "ఎవలు గెలుస్తరంటవక్కా?" అని ఆమెనే అడిగింది. "జర ఆగు, ఎవలో ఒకలు గెలుస్తరు," అని చెప్పి వెళ్లారు.

రావు గారు పదిన్నరకు వేశారు. గులాబీ రంగు బ్యాలెట్ అందుకుని అట్టపెట్టె వెనక్కి వెళ్లారు. పేర్లు లేవు, గుర్తులే ఉన్నాయి. తన జీవితమంతా ఆ కత్తెర రెండు కాళ్ల మధ్య ఇరుక్కున్నట్టు అనిపించి కళ్లు చెమర్చాయి. ముద్ర కత్తెర మీదే పడింది. ఇంకు ఆరడానికి ఊదారు. ఏదో వెలితిగా తోచింది. ఆ వెలితి కూడా తీర్చి, కాగితం మడిచి, పెన్ను జేబుకు తగిలించుకుని, పెట్టెలో వేసి బయటికి వచ్చారు.

ఒంటిగంటకు పోలింగ్ ముగిసింది. రెండింటికి అదే బడిలో లెక్కింపు. ఈలోగా పూలదండలు దిగాయి, డీజే బండి గేటు ముందుకొచ్చి నిలబడింది. ఓడిపోతే బండిని ఏం చేయాలని రాయమల్లు అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు రావు గారు అతనితో పావుగంట మాట్లాడలేదు.

లెక్కింపు హాలుగా మారిన ఐదో తరగతి గదిలో జానకీబాయి గారు అభ్యర్థిగా వెనక బెంచీ మీద కూర్చున్నారు. చేతిలో పేపరుంది, పెన్ను లేదు. బల్ల దగ్గర ఏజెంటుగా రావు గారు, రూల్సు పుస్తకంతో. అవతల రాజక్క, తనకు తనే ఏజెంటు. రిటర్నింగ్ ఆఫీసర్ ఒక లెక్కల సారు. మెత్తటి మనిషి. ఎన్నికల సిబ్బంది బస్సు ఎప్పుడు కదులుతుందా అని కిటికీలోంచి చూస్తున్నారు.

కట్టలు విప్పుతుంటే రాజక్క ఫుట్‌బాల్ ఓట్లలో నాలుగింటి మీద బొటనవేలి ముద్రలు కనిపించాయి. ఓటరు జాబితా దగ్గర వేలిముద్ర వేసిన ముసలివాళ్లు అదే ఇంకు వేలితో బ్యాలెట్‌ను పట్టుకున్నారు.

"ఎవరికి వేశారో స్పష్టంగానే ఉంది కదండీ," అన్నారు ఆఫీసర్.

రావు గారు లేచి నిలబడ్డారు. పుస్తకం తెరిచి, ఓటరు ఫలానా అని గుర్తుపట్టే రాతగానీ ముద్రగానీ ఉంటే ఆ ఓటు చెల్లదన్న వాక్యాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారి వేలు పెట్టి చదివారు.

"రూలు రూలే సార్. మనిషిని బట్టి మారదు. సంతకం రానోళ్ల రాజ్యం ఇంకెన్ని దినాలు?"

నాలుగు ఓట్లూ పోయాయి. ప్రజాస్వామ్యాన్ని ఆయన అంత గట్టిగా పట్టుకోవడం చూసి ఆఫీసర్‌కు చెమటలు పట్టాయి.

ఆరింటికి లెక్క చివరికొచ్చింది. రాజక్కకు ఆరువందల నాలుగు. జానకీబాయికి ఆరువందల నాలుగు. ఇంకా ఒక్క బ్యాలెట్ మిగిలింది. ఆఫీసర్ విప్పారు. ముద్ర కత్తెర మీద ఉంది. కిటికీ అవతల నిలబడ్డ రాయమల్లు డీజే వైపు చెయ్యి ఎత్తబోయాడు.

"ఆగండి," అన్నారు ఆఫీసర్. "దీని మీద సంతకం ఉంది."

'జా' మీద చుట్ట. పేరంతటి కిందుగా గీత. గీత కింద రెండు చుక్కలు. కామా, సర్పంచ్.

రావు గారు తన జేబులోని పెన్నును చేత్తో మూసుకున్నారు.

"అమ్మా, ఇది మీ సంతకమేనా?" అని వెనక బెంచీని అడిగారు ఆఫీసర్.

జానకీబాయి గారు కళ్లద్దాలు సవరించుకుని వచ్చి చూశారు. తర్వాత భర్త వైపు చూశారు, ఉప్మాలో ఉప్పెక్కువైందన్నప్పుడు చూసినట్టు. "నా ఓటు మీద ముద్ర ఒక్కటే ఉంటది సార్," అని వెళ్లి కూర్చున్నారు.

"రూలు రూలేనంటిరి గద రావుసాబ్," అంది రాజక్క. "జర గా పుస్తకం ఇంకోసారి సదువున్రి. మీరు మంచిగ సదువుతరు."

ఈసారి ఆయన చదవలేదు. ఓటు పోయింది. సరిసమానం.

ఇక లాటరీ. రెండు చీటీలు సుద్దముక్కల డబ్బాలో వేశారు. బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ నవీనను తీయమన్నారు. రావు గారు కళ్లు మూసుకుని, బాసర అమ్మవారికి ఈసారి కారులో భార్యను కూడా తీసుకొస్తానని మొక్కుకున్నారు. నవీన చీటీ విప్పింది.

"జానకీబాయి."

రావు గారు కుర్చీలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. బయట డీజే అదిరిపోయింది. రాయమల్లు పరిగెత్తుకొచ్చి దండ ఆయన మెడలో వేసి, "సర్పంచ్‌సాబ్!" అన్నాడు. జీవితంలో ఎన్నడూ ఎరగని సుఖం ఆ పిలుపులో ఉంది.

"విజేత సంతకం కావాలి," అన్నారు ఆఫీసర్, సర్టిఫికెట్ రిజిస్టర్ తెరుస్తూ. రావు గారి చెయ్యి జేబు మీదికి పోయింది. "మీది కాదండీ. అమ్మగారిది."

జానకీబాయి గారు ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని, పెన్ను ఎలా రాస్తుందో చూడటానికి ముందు దాని మీద పెట్టారు. ఐదు గుండ్రటి అక్షరాలు. ఆఫీసర్ ఆ కాగితాన్ని, నామినేషన్ ఫారాన్ని పక్కపక్కన పెట్టి చూశారు.

"కలవడం లేదు కదమ్మా!"

"టెన్షన్ల పెట్టింది సార్," అన్నారు రావు గారు. భార్య చెవిలో, "జా మీద చుట్ట తిప్పు. తోక ఎనక్కి గుంజు," అన్నారు.

"నాకు గా సంతకం రాదు."

"నేర్పుత గద!"

"మధ్యాహ్నం నుంచీ మీరు చెప్తున్నదే నేనూ చెప్తున్నానండీ," అన్నారు ఆఫీసర్. ఎంత మెత్తటి మనిషికైనా ఒక రోజులో నేర్చుకోగలిగినంత నేర్చుకున్నారాయన. "రూలు రూలే. సర్టిఫికెట్ ఆపేసి పైకి రాస్తాను. నామినేషన్ మీద సంతకం ఎవరిదో పోలీసులు చూసుకుంటారు."

నవీన కానిస్టేబుల్ తలెత్తి చూసింది. రావు గారి మెడలో దండ ఒక్కసారిగా బరువెక్కింది. ముప్పై ఆరేళ్ల కాపురంలో మొట్టమొదటిసారి ఆయన భార్యను అడుక్కున్నారు.

"జానకీ... ఏదన్న ఒకటి చెయ్యి."

ఆమె ఆఫీసర్ వైపు తిరిగారు.

"సార్, సంతకం రానోళ్లు ఏం జేస్తరు?"

"వేలిముద్ర వేస్తారు. ఒక సాక్షి సంతకం చేస్తే చాలు."

"దాన్ని దేనితోనన్న కలుపుతరా?"

"లేదమ్మా. కానీ ఒకసారి వేలిముద్ర పడిందంటే ఇక ఐదేళ్లూ ప్రతి కాగితం మీదా అదే. సంతకం చెల్లదు."

"ఏపియ్యున్రి సార్, జల్ది ఏపియ్యున్రి!" అన్నారు రావు గారు.

అభ్యర్థి సంతకం రాని మనిషని ఆఫీసర్ రాసుకున్నారు. ఆమె అంతకుముందే సంతకం పెట్టిన తెల్ల కాగితాన్ని నాలుగు మడతలు వేసి సుద్దముక్కల డబ్బాలో పడేశారు. బయట బస్సు హారన్ కొడుతోంది. జానకీబాయి గారు ఎడమచేతి బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద ఒత్తి, రిజిస్టర్‌లో వేశారు. గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి. సాక్షిగా రాజక్క సంతకం చేసింది.

గేటు దాకా వచ్చాక గాని రావు గారు ఆగలేదు. ఆగాక, తన కుడిచేతి వేళ్ల వైపు, తర్వాత భార్య బొటనవేలి వైపు చాలాసేపు చూశారు. డీజే కుర్రాళ్లు ఆయన్ని ఎత్తుకోవడానికి వచ్చి, ఆయన ముఖం చూసి, వెనక్కి తగ్గారు.

జానకీబాయి గారు వేలి ఇంకును ఆయన భుజం మీది తెల్ల కండువాకు శుభ్రంగా తుడుచుకున్నారు.

"రేపటి సంది ఏ కాగితం వచ్చినా ముందుగాల చదివి వినిపించున్రి," అన్నారు. "నాకు చదువు రాదు గద."

చంకలోని పేపరు తీసి పదకేళి పేజీ మడిచారు.

"మీ పెన్ను గిటు ఇయ్యున్రి. మీకిగ దాంతోటి పనేమున్నది?"